కొండల్లేని చోట

ధనరాజు గారి పీచు కళ్ళంలో
దాని మీద కోళ్ళు నిద్రపోయేవి.
హేండిలుకి ఎండుమిరపకాయల మూట,
చైను చుట్టూ కాకరపాదు.
"చమురు కోసం నేలకి చెవిపెట్టి తిరిగినోళ్ళు
జపాన్ నించి తెచ్చుకున్న బండండీ.
పోతూ పోతూ మా అన్నకి
జీతం బాకీ కింద ఇచ్చేశారు" అన్నాడు.
అన్న ఏమయ్యాడని అడగలేదు నేను,
అడిగితే రేటు పెరుగుతుందని.

పాత ఇనుము లెక్కన కేజీల్లో తూచమన్నాను.
తూస్తాను, మీద కోళ్ళతో సహా, అన్నాడు.
చివరికి ఆరువేల మూడొందలు,
పైన రెండు ఏరేటరు మోటార్లు ఊరికే చుట్టిపెట్టేలా
బేరం తెగింది.
పంటు మీద ఏరు దాటిస్తుంటే
రేవు పాటదారు ఎగాదిగా చూసి
బండి టిక్కెట్టు కాదు,
సామాను టిక్కెట్టు చింపాడు.

వీరవేణి చుట్టూ ఒకసారి తిరిగింది.
లైటు లేదు. హారను లేదు. వెనక సీటు లేదు.
"కూరగాయల సంచీ తగిలించడానికి
కొక్కెమైనా లేదేంటండీ" అని
పశువుల సంతలో చూసినట్టు
దాని పళ్ళచక్రం వైపు చూసి
లోపలికెళ్ళిపోయింది.

పగలు రొయ్యల చెరువుల మీద నా పని.
ఏరేటరు ఆగితే రొయ్య తేలిపోద్ది,
రైతు మునిగిపోతాడు.
రాత్రి పదయ్యాకే దీని పని.
ఒక్కో బోల్టుకి మూడేసి రోజుల కిరసనాయిలు.
టాంకులో తుప్పుకి గులకరాళ్ళు పోసి ఊపమన్నాడు
రాజమండ్రి జాఫర్ మేస్త్రి, ఫోన్లో.
గులకరాళ్ళా?
మా నేలలో కుక్కని అదిలించడానికి
రాయి దొరకదు మేస్త్రీ.
చింతపండు పులుసూ గుప్పెడు పాత నట్లూ పోసి
మూడు ఆదివారాలు
ఒళ్ళో పిల్లని ఊపినట్టు ఊపాను.

ఇంజను విప్పిన రాత్రి
లోపల నూనె లేదు.
చల్లగా, మెత్తగా, మీగడలా పేరుకున్న మన్ను.
వేలితో తీసి లైటు కింద పెట్టాను.
ఒండ్రు.
ఎనభయ్యారు.
అప్పుడు నాకు అయిదేళ్ళు.
బడి మేడ మీద గోనె కప్పుకుని
అమ్మ చంకలోంచి చూస్తున్నాను.
కింద చీకట్లో
ఎవరివో తలుపులు, ఎవరివో గడ్డివాములు
వరసగా వెళ్ళిపోతున్నాయి.
ఆ నీళ్ళే ఆ రాత్రే
సైలెన్సరు సందులోంచి ఇందులోకి దూరి
ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చున్నాయన్నమాట.

పారెయ్యబుద్ధి కాలేదు.
హార్లిక్సు సీసాలో పోసి
స్పానర్ల పక్కన పెట్టాను.
వీరవేణి అందులో కనకాంబరం గింజలు చల్లింది.
మొలవలేదు.

పిస్టన్ ఎక్కడా దొరకలేదు.
జాఫర్ మేస్త్రి ఆటోదొకటి లేతు మీద తిప్పి
"దీనికి పేరు పెట్టకు, పని చూడు" అన్నాడు.
సీటులో స్పాంజికి బదులు
ధనరాజు గారి పీచే కూరాను.
పద్దెనిమిదో కిక్కుకి తుమ్మింది.
ముప్ఫై ఒకటో కిక్కుకి
నా పిక్క మీద ఒక్కటిచ్చి
లేచింది.
వీధి వీధంతా తెల్లటి పొగ.
పంచాయతీ వాళ్ళు దోమలమందు కొడుతున్నారనుకుని
ఇటు వాళ్ళు తలుపులు బార్లా తెరిచారు,
అటు వాళ్ళు అన్నం గిన్నెల మీద
మూతలు పెట్టుకున్నారు.

కొండలెక్కడానికి పుట్టిన బండి ఇది.
మాకు ఎత్తంటే ఏటిగట్టొక్కటే.
దాన్నే ఎక్కించాను.
దింపాను.
మళ్ళీ ఎక్కించాను.
గేదెలు తోలుకొస్తున్న ముసలాయన
చాలాసేపు చూసి
"దారి తప్పావా అబ్బాయ్" అన్నాడు.

ఏరు దాటి
ధనరాజు గారి వాకిట్లో ఆపాను.
ఇంజను ఆర్పలేదు.
ఆయన గుమ్మంలోనే నించుని విన్నాడు.
"ఇది కాదు" అన్నాడు.
"అన్నయ్య వస్తుంటే ఇంత నున్నగా ఉండేది కాదు.
గట్టు దిగేటప్పుడు
ఒక దగ్గు దగ్గేది."

ఏమనాలో తెలీక
కార్బురేటరు స్క్రూ
పావు చుట్టు వెనక్కి తిప్పాను.
దగ్గింది.

ఆయన కోళ్ళని అదిలించి
పీట తెచ్చుకుని కూర్చున్నాడు.
"ఇంకొంచెం" అన్నాడు.